స్లింట్ 'స్పైడర్‌ల్యాండ్' ఎక్కట్లేదన్నవారికి

మీరడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, తర్వాత వచ్చేవాళ్ళకూ పనికొస్తుంది. స్నేహితుడొకరు పట్టుబట్టి స్లింట్ అనే అమెరికన్ బ్యాండ్ ఆల్బమ్ 'స్పైడర్‌ల్యాండ్' వినమన్నారు. మీరు ఒకసారి మెట్రోలో ఆఫీసుకు వెళ్తూ, ఇంకోసారి పని చేసుకుంటూ విన్నారు. ఎవరో కుర్రాడు గొణుగుతాడు, ఉన్నట్టుండి చెవులు చిల్లులు పడే మోత వస్తుంది, మళ్ళీ గొణుగుడు. దీన్ని పట్టుకుని జనం ఇంత ప్రేమించడం ఏమిటి, నలుగురికీ తెలియని బ్యాండ్ పేరు చెప్పి గొప్పలు పోయేవాళ్ళు లేపిన హైపా, లేక నాకేమైనా వినపడట్లేదా అన్నది మీ ప్రశ్న.

వినపడట్లేదు. అక్షరాలా వినపడట్లేదనే నా ఉద్దేశం. మెట్రోలో ఈ ఆల్బమ్ సగానికి సగం గాలికి పోతుంది. 'వాషర్' అనే నాలుగో పాట మొదలైనప్పుడు గిటార్ ఎంత సన్నగా ఉంటుందంటే, నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూడా ప్లే అయిందా లేదా అని ఫోన్ వంక చూస్తాం. తర్వాతి స్టేషన్ అనౌన్స్‌మెంట్ వచ్చేలోపు అలాంటి చోట్లు ఎన్ని పోయుంటాయో మీరే ఊహించుకోండి.

నేను ఏళ్ళుగా డ్రమ్స్ వాయిస్తున్నాను, వీలున్నప్పుడు చిన్న చిన్న బ్యాండ్లకు రికార్డింగ్, మిక్సింగ్ చేసిపెడుతుంటాను. ఆ వైపు నుంచే చెప్తాను, సాహిత్య విమర్శ నాకు చేతకాదు.

ముందు కొంచెం కథ తెలియాలి. లూయివిల్ అని అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని ఊరు. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ లాగా సంగీతం పేరు చెప్పగానే గుర్తొచ్చే ఊరేమీ కాదు. అక్కడ 1980లలో హైస్కూల్ పిల్లలే పంక్ బ్యాండ్లు పెట్టుకుని వాయించేవారు, వాటిలో స్క్విరల్ బెయిట్ అనేదానికి కాస్త పేరొచ్చింది. అందులోంచి వచ్చిన గాయకుడు, గిటారిస్టు బ్రయన్ మెక్‌మహాన్, డ్రమ్మర్ బ్రిట్ వాల్‌ఫోర్డ్, గిటారిస్ట్ డేవిడ్ పాజో కలిసి స్లింట్ అయ్యారు. మొదటి ఆల్బమ్ 'ట్వీజ్' 1987లో స్టీవ్ ఆల్బినీ అనే రికార్డిస్టు దగ్గర రికార్డు చేసి 1989లో వదిలారు. ఆ ఆల్బమ్ ధ్వని నచ్చక బాస్ గిటారిస్ట్ ఈథన్ బక్లర్ బ్యాండ్‌లోంచి వెళ్ళిపోతే, ఆ చోట టాడ్ బ్రషియర్ వచ్చాడు. ఈ నలుగురూ 1990లో వాల్‌ఫోర్డ్ వాళ్ళ అమ్మానాన్నల ఇంటి బేస్‌మెంట్‌లో ఆరు పాటలు వాయించి వాయించి అరగదీసి, ఆగస్టులో షికాగో వెళ్ళి, బ్రయన్ పాల్సన్ అనే రికార్డిస్టు దగ్గర కొద్ది రోజుల్లో రికార్డింగ్ ముగించేశారు. అప్పటికి అందరికీ ఇరవై దాటీ దాటని వయసు.

1991 మార్చిలో టచ్ అండ్ గో అనే షికాగో లేబుల్ ఆల్బమ్ విడుదల చేసింది. అప్పటికే బ్యాండ్ లేదు! విడిపోయారు. ప్రచారం చేయడానికి మనుషుల్లేరు, టూర్ లేదు. అదే ఏడాది చివర్లో నిర్వాణా అనే రాక్ బ్యాండ్ ప్రపంచాన్ని ఊపేసింది కాబట్టి, ఈ ఆరు పాటల్ని అడిగినవాళ్ళే తక్కువ. ఒక్క ఆల్బినీ మాత్రం బ్రిటిష్ పత్రిక మెలొడీ మేకర్‌లో దీనికి పది నక్షత్రాలిచ్చాడు, ఆ పదికి ముందు ఒక బూతు మాట కూడా తగిలించాడు. గమనించండి, రాసింది వాళ్ళ మొదటి ఆల్బమ్ రికార్డు చేసిన మనిషి, రెండోదానికి అతని చెయ్యి లేదు. ఆ తర్వాత అంతా చెవిన పడి చెవిన పడి పాకిందే. 1995లో 'కిడ్స్' అనే సినిమా ఆల్బమ్‌లో వీళ్ళ ఆఖరి పాట వచ్చాక మరికొంతమందికి తెలిసింది. కాబట్టి హైప్ అనేదానికి నా జవాబు ఇదే: హైప్ చేయడానికి డబ్బులూ లేవు, బ్యాండూ లేదు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో దీనిమీద భక్తి కాస్త శ్రుతి మించిందన్నమాట నిజమే, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను, కానీ అది ఆల్బమ్ తప్పు కాదు.

ఇక అసలు విషయం. మీకు చిరాకు పుట్టించిన ఆ గొణుగుడే ఈ ఆల్బమ్‌కు ప్రాణం. మనం పుట్టినప్పటినుంచీ విన్న సినిమా పాటల మిక్సింగ్ ఎలా ఉంటుందో తెలుసు కదా, గొంతు అన్నిటికన్నా ముందు, పెద్దగా, స్పష్టంగా ఉంటుంది, వయొలిన్లూ తబలా దాని వెనక నిలబడతాయి. పల్లవి వచ్చిందంటే పక్కింటివాళ్ళకు కూడా మాటలు అర్థం కావాలి. ఆ చెవితో స్లింట్ దగ్గరికెళ్తే 'వీడెవడు, గట్టిగా చెప్పడేం' అనిపిస్తుంది. ఇది మీ ఇంగ్లీషు లోపం కూడా కాదు, అమెరికావాళ్ళకు కూడా మొదటిసారి సగం మాటలు దొరకవు. మెక్‌మహాన్ గొంతును కావాలనే గిటార్ల కింద పెట్టారు. మీరు ఏం చేస్తారు? వాల్యూమ్ పెంచుతారు. ఇంకా వినబడక ఇంకాస్త పెంచుతారు, కాస్త ముందుకు వంగుతారు. సరిగ్గా అలా వంగిన సమయానికి రెండు గిటార్లూ డిస్టార్షన్‌తో, అంటే కావాలని గరగరలాడేలా చేసిన మోతతో, వచ్చి ముఖాన పడతాయి. ఆ దెబ్బ తగలాలంటే ముందు మీరు వంగి ఉండాలి. మెట్రోలో నాయిస్ క్యాన్సిలేషన్ పెట్టుకుని నిటారుగా కూర్చున్నవాడికి అది ఉత్త మోతే.

అందుకే ముందు సెట్టింగ్స్ సంగతి చూడండి, నవ్వకండి. మీరు వాడే యాప్‌లో వాల్యూమ్ అన్నిటికీ ఒకేలా సర్దే ఆప్షన్ ఉంటుంది, అది ఆపేయండి. చిన్న బ్లూటూత్ స్పీకర్లలో అయితే అసలు వద్దు. వాటిలో చాలావరకు మెల్లగా ఉన్నదాన్ని పైకి లేపి, గట్టిగా ఉన్నదాన్ని నొక్కేస్తాయి, ఈ ఆల్బమ్‌లో ఉన్నదే ఆ ఎత్తుపల్లాలు! వైర్డు హెడ్‌ఫోన్స్ మామూలువైనా ఫర్వాలేదు. 'వాషర్' మొదటి నిమిషం గిటార్ తీగ మీద వేలు జరిగే చప్పుడు వినపడేంతవరకు వాల్యూమ్ పెట్టి, ఇక ముట్టుకోకుండా మొదటి పాట నుంచి వినండి. మొత్తం 39 నిమిషాలే. సీడీ మీద వాళ్ళే రాసుకున్నారు, ఇది ఎల్పీ రికార్డు (గ్రామఫోన్ ప్లేటు) మీద వినడానికి చేసినదని. మనకు ఎల్పీ దొరకడం, దాని ధర, ఆ గొడవ ఎందుకు గానీ, ఆ మాటలోంచి ఒకటి మాత్రం తీసుకోవచ్చు: ఎల్పీలో మూడు పాటలకు ఒక వైపు అయిపోతుంది, లేచి తిప్పాలి. మీరూ 'డాన్, అమాన్' అయ్యాక ఒక్క నిమిషం ఆపి, మంచినీళ్ళు తాగి, తర్వాత మిగతా మూడూ వినండి. తేడా తెలుస్తుంది.

మొదటి పాట 'బ్రెడ్‌క్రంబ్ ట్రెయిల్'. గిటార్ హార్మానిక్స్‌తో, అంటే తీగను నొక్కకుండా వేలితో తాకీ తాకనట్టు తాకితే వచ్చే గంటలాంటి స్వరాలతో మొదలవుతుంది. పాదంతో తాళం వేయడానికి చూడండి, ఎక్కడో తప్పిపోతారు, ఎందుకంటే అది నాలుగు దెబ్బల లెక్క కాదు, ఏడు. రాక్ వినేవాళ్ళకు ఇది వింతేమో గానీ మనకు కాకూడదు. తకిట తకధిమి, మిశ్రచాపు. క్షేత్రయ్య పదాలు ఎన్నో పాడేది ఈ ఏడు లెక్కలోనే. అలాగని వీళ్ళేదో కర్ణాటక సంగీతం నేర్చుకున్నారని వాట్సాప్‌లో పెట్టకండి, వాళ్ళ లెక్క వాళ్ళది, విరుపులు కూడా మన విరుపుల్లా ఉండవు. నేను చెప్పేది ఒక్కటే, ఏడు దెబ్బల నడక మన చెవికి పరాయిది కాదు, దాన్ని వాడుకోండి. రెండో పాట 'నోస్ఫెరాటు మ్యాన్'లో చరణం లాంటి భాగం అయిదు మీద నడుస్తుంది, తక తకిట అనుకుంటూ వింటే ఆ గిటార్ ఎందుకు కుంటుతున్నట్టు ఉంటుందో వెంటనే దొరుకుతుంది. 1922లో వచ్చిన మూకీ రక్తపిశాచి సినిమా ఆధారంగా కట్టిన పాట అది, ఆ కుంటినడక దానికి సరిపోయింది.

మొదటి పాట దగ్గరే ఇంకాసేపు ఆగుదాం. ఒకడు జాతరలాంటి కార్నివాల్‌కు వెళ్తాడు, మూలనున్న చిన్న గుడారంలో జోస్యం చెప్పే అమ్మాయి ఉంటుంది. జోస్యం సంగతి పక్కన పెట్టి ఇద్దరూ కలిసి రోలర్ కోస్టర్ ఎక్కుతారు. సాయంత్రమయ్యాక గేటు దగ్గర వీడ్కోలు చెప్పుకుంటారు. అంతే కథ. ప్రేమ అన్న మాట ఎక్కడా రాదు. ఇదంతా ఒకడు మామూలుగా, సాయంత్రం టీ కొట్టు దగ్గర మనకు చెప్తున్నట్టు, రాగం లేకుండా చెప్తాడు. రోలర్ కోస్టర్ పైకెక్కి కిందికి దూకే చోట మాత్రం గిటార్లు ఒక్కసారిగా కీచుమంటాయి, చెప్తున్నవాడు అరుస్తాడు. బండి ఆగగానే మళ్ళీ అదే గంటల గిటార్, అదే గొంతు. గేటు దగ్గర ఆ అమ్మాయి ముఖం మీద రంగు లైట్లు పడుతున్నా సిగ్గుపడిందని గమనించాడట. ఆ చిన్న వివరం కోసమే ఆరు నిమిషాలు తిరిగాడు. నాకు ఈ ఆల్బమ్ మీద మనసు పడింది అక్కడే. మొదటిసారి కాదు, చాలా సార్లు విన్నాక, ఆ వాక్యం తొలిసారి చెవిన పడినప్పుడు.

'డాన్, అమాన్'లో డ్రమ్స్ లేవు. వాల్‌ఫోర్డ్ లాంటి డ్రమ్మర్‌ను పెట్టుకుని, అతని చేతికి గిటార్ ఇచ్చి, అసలు డ్రమ్సే లేకుండా పాట చేయడం ఏం ధైర్యమో! పదిమంది మధ్య ఇమడలేని ఒకడు, మాట్లాడబోయి మాట్లాడలేక బయటికొచ్చి నిలబడిన రాత్రి గురించి. ఫంక్షన్ హాల్లో చుట్టాల మధ్య నిలబడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని వాళ్ళందరికీ ఈ పాట అంకితం అనుకోవచ్చు. డ్రమ్స్ లేనప్పుడు వేగం ఎవరు పెంచుతున్నారో జాగ్రత్తగా వినండి. గిటార్లే కొద్దికొద్దిగా ముందుకు తోసుకుంటూ పోతాయి, మధ్యలో డిస్టార్షన్ వస్తుంది, కొద్దిసేపే, ఠక్కున పోతుంది. క్లిక్ ట్రాక్, అంటే చెవిలో టిక్కు టిక్కుమంటూ వేగం చూపే చప్పుడు, పెట్టుకుని గీతగీసినట్టు వాయించడం అలవాటైన నాలాంటివాళ్ళకు ఇది మంచి మందు.

'వాషర్' గురించి వాల్యూమ్ సంగతి చెప్పాను, ఇంకో మాట. ఆరింటిలో ఎక్కువసేపు పాడింది ఇందులోనే, దాదాపు తొమ్మిది నిమిషాల పాట, ఒక రకంగా సెలవు తీసుకునే పాట. మీకు రాగం లేకపోతే ఎక్కదనుకుంటే దీంతో మొదలుపెట్టినా నేను తప్పుపట్టను. 'ఫర్ డిన్నర్' అనే అయిదోది మాటల్లేని పాట, చాలామంది దాటేస్తారు. ఇప్పుడు పేలుతుంది, ఇప్పుడు పేలుతుంది అనిపిస్తూ చివరిదాకా ఆ టెన్షన్ అలాగే ఉంచుతుంది, పేలదు. దాని పని తర్వాతి పాటకు మిమ్మల్ని సిద్ధం చేయడం, విడిగా ప్లేలిస్టులో పెట్టుకుంటే అర్థం లేదు.

ఆఖరిది 'గుడ్ మార్నింగ్, కెప్టెన్'. ఓడ మునిగింది, తుఫానులో అందరూ పోయి కెప్టెన్ ఒక్కడే మిగిలి, ఒడ్డున ఒక ఇంటి తలుపు కొడుతున్నాడు. లోపల ఒక పిల్లవాడున్నాడు. అర్థాలు చాలామంది చాలా రకాలుగా చెప్తారు, వాటి జోలికి పోను. నన్ను పట్టుకున్నది డ్రమ్స్. వాల్‌ఫోర్డ్ ఇందులో ఏమంత ఎక్కువ వాయించడు. బాస్ ఒకే చిన్న వరసను తిప్పుతూ ఉంటుంది, గిటార్ పైన రెండు మూడు స్వరాలు పెట్టి తప్పుకుంటుంది, డ్రమ్స్ దెబ్బకూ దెబ్బకూ మధ్య కావలసినంత చోటు వదులుతాయి. మన కుర్ర డ్రమ్మర్లు (నా దగ్గరికి రికార్డింగ్‌కు వచ్చేవాళ్ళని చూస్తూనే ఉన్నాను) ఖాళీ కనబడితే చాలు ఫిల్, అంటే ఆ ఖాళీని నింపే దరువు, వేసేస్తారు. ఇతను వేయడు. అన్ని నిమిషాలు ఆ ఖాళీని కాపాడుకుంటూ వచ్చాడు కాబట్టే చివర్లో అందరూ ఒక్కసారి విరుచుకుపడినప్పుడు గది చాలదు. ఆ మోత మీద మెక్‌మహాన్, అప్పటిదాకా గొణిగిన మనిషి, 'నిన్ను మిస్ అవుతున్నాను' అన్న అర్థం వచ్చే మూడే మూడు ఇంగ్లీషు మాటలు గొంతు చించుకుని అరుస్తాడు. గిటార్లను మించి అరవబోయి రికార్డింగ్‌లో ఒంట్లో బాగోలేకుండా పోయిందంటారు, వింటే నమ్మబుద్ధవుతుంది. ఆ అరుపులో అందం లేదు, శ్రుతి లేదు. ఆల్బమ్‌లో చాలావరకు గట్టిగా మాట్లాడటానికి మొహమాటపడిన గొంతు అది, ఇంత ఆలస్యంగా బయటపడింది కాబట్టే తగులుతుంది. ఈ ఒక్క పాటనే విడిగా తీసి ఎవరికైనా వినిపిస్తే 'బాగుంది' అంటారు, వరసలో వింటే ఏమీ అనరు, కాసేపు మాట్లాడరు.

కవర్ ఫోటో కూడా ఒకసారి చూడండి. నల్లటి నీళ్ళలో మెడదాకా మునిగి నవ్వుతున్న నలుగురు కుర్రాళ్ళు, మీద బ్యాండ్ పేరు లేదు, ఆల్బమ్ పేరు లేదు. తీసింది వాళ్ళ స్నేహితుడు విల్ ఓల్డమ్, తర్వాత అతనే మంచి గాయకుడిగా పేరు తెచ్చుకున్నాడు. నీళ్ళు నిండిన పాత రాతి క్వారీ అది. ఆ ఫోటో చూసి, ఆ అరుపు విని, వీళ్ళకు పిచ్చెక్కిందని, ఆస్పత్రుల పాలయ్యారని పుకార్లు బోలెడు పుట్టాయి. వాటిని పట్టించుకోకండి, వెలుగులోకి రాని బ్యాండ్ కనబడితే జనానికి కథలు అల్లడం సరదా. వాళ్ళు శుభ్రంగా ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు, 2005లో మళ్ళీ కలిసి స్టేజీ ఎక్కారు, 2007లో ఈ ఆల్బమ్ మొత్తం వరసగా వాయించారు, 2014లో లాన్స్ బ్యాంగ్స్ వీళ్ళ మీద డాక్యుమెంటరీ తీశాడు. అందులో కనబడేది పగలబడి నవ్వుకునే, ఒకరినొకరు ఆటపట్టించుకునే పిల్లలు. డాక్యుమెంటరీ ఆల్బమ్ బాగా వంటబట్టాకే చూడండి, ముందే చూస్తే సరదా పోతుంది.

పాటల సాహిత్యం చదువుకుంటూ వినాలా అని కూడా అడిగారు. మొదట వద్దు. మాటలు దొరకకుండానే నాలుగైదుసార్లు విని, మీకు ఏది వినబడిందో దాంతోనే ఉండండి. తర్వాత ఒకసారి కాగితం ముందు పెట్టుకుని వినండి, అప్పుడు కథలు దొరుకుతాయి. ముందే చదివేస్తే కళ్ళు ముందుకు పరిగెడతాయి, చెవి వెనకబడుతుంది.

ఇంత చేసినా నచ్చకపోవచ్చు, నచ్చి తీరాలని రూలేమీ లేదు. నాతో వాయించే బాస్ గిటారిస్టు, నాకన్నా మంచి చెవి ఉన్నవాడు, ఈ ఆల్బమ్ వినిపిస్తే చాలు లేచి వెళ్ళిపోతాడు. కానీ 'ఏమీ లేదు' అనడానికీ 'నాకు పడదు' అనడానికీ తేడా ఉంది, మొదటిది అనాలంటే ముందు సరిగ్గా వినాలి.

నచ్చితే తర్వాత ఏం వినాలో కూడా చెప్పేస్తాను, ఎలాగూ అడుగుతారు. వెంటనే 'ట్వీజ్'కు వెళ్ళకండి, అది వేరే అల్లరి, దీని తర్వాత వింటే నిరాశపడతారు. విడిపోయాక 1994లో వీళ్ళవే రెండు పాటలు ఒక చిన్న రికార్డుగా వచ్చాయి, అందులో 'గ్లెన్' వినండి, మాటలే లేవు. ఆ తర్వాత అదే లూయివిల్ నుంచి రోడాన్ అనే బ్యాండ్ 1994లో తెచ్చిన 'రస్టీ', ఇంకాస్త కోపంగా ఉంటుంది. మెల్లదనం, గొణుగుడు నచ్చితే న్యూయార్క్ బ్యాండ్ కొడీన్ 1990 ఆల్బమ్ 'ఫ్రిజిడ్ స్టార్స్'. గొంతే వద్దు, వాయిద్యాలు చాలనుకుంటే పాజో వెళ్ళి చేరిన టార్టాయిస్ బ్యాండ్ 1996లో చేసిన ఆల్బమ్ ఉంది, గ్లాస్గో నుంచి మొగ్వాయ్ 1997లో తెచ్చిన 'యంగ్ టీమ్' ఉంది. మొగ్వాయ్ వింటే స్లింట్ దగ్గర ఎంత తీసుకున్నారో మీకే తెలిసిపోతుంది, అయితే వాళ్ళ దగ్గర మోత చాలా ఎక్కువ, కాబట్టి 'వాషర్' కోసం పెంచిన వాల్యూమ్ ముందు తగ్గించుకుని మరీ పెట్టండి.